చాటలో తిరిగి కలవని ముక్కలు

మా మేనకోడలి మందు గురించి ఎల్లారెడ్డిలో ఇప్పటికే రకరకాలుగా చెప్పుకుంటున్నారు. అది జన్యువులనే మార్చేస్తుందని, తరతరాలు ఒంట్లో ఉండిపోతుందని అంటున్నారు. నా ఎరుకలో జరిగింది జరిగినట్టు రాసిపెట్టకపోతే రేపు ఆ కథే నిలుస్తుంది.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. కామారెడ్డిలో బట్టల దుకాణంలో పని. మిగతా చదువంతా గ్రంథాలయం పెట్టిందే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం.

అక్క ఎల్లారెడ్డిలో బీడీలు చుడుతుంది. ఆమె కూతురికి పుట్టుకతోనే కండరాల జబ్బు. నడిచే పిల్ల కూర్చుండిపోయింది. తర్వాత నీళ్ల గ్లాసు కూడా బరువైంది. హైదరాబాద్ డాక్టరమ్మ వెన్నులోకి ఎక్కించే మందు ఉందని, ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాదని చెప్పింది. మందు ఉచితంగా అందే ఏర్పాటూ అయింది. ఇక అక్క ఒప్పుకోవాలి.

ఆమె ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, నేను ఉత్సాహంగా చెప్పుకుపోయాను. ఆ మందు జన్యు అక్షరాల చిన్న గొలుసు. మామూలు గొలుసు ఒంట్లో ఇట్టే తెగిపోతుంది. అందుకే ఒక్కో అక్షరంలోని చక్కెర భాగానికి చిన్న రసాయన తోక తగిలించారు.

"ఎప్పటికన్న తెగుతది గదా? ముక్కలు యాడికి పోతయ్ తమ్మీ?"

"ఎటో పోతయ్ అక్కా."

"గిన్ని బుక్కులు సదివి ఎటో అంటవేందిరా!"

సరిగా కుదరని బీడీ ఒకటి విప్పి తంబాకును చాటలో పోసింది. "గీ తంబాకు ఇంకో బీడీలకెక్కుతది. గా తోక ముక్కలు గూడ నా బిడ్డ సొంత అక్షరాలల్ల కలిస్తె?"

కనుక్కుని చెప్తానన్నాను. మర్నాటి నుంచి దుకాణం పని ముగియగానే గ్రంథాలయంలోని కంప్యూటర్ ముందు, అక్కడ పనిచేసే అన్న ఇచ్చిన ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే కణం పాత అక్షరాలను పారేయదు, ఏరుకుని కొత్త గొలుసులకు వాడుతుంది. శాస్త్రవేత్తలకూ అక్క భయమే కలిగింది! మందు పనిచేస్తుందని తేలినా వాళ్లు అంతటితో ఆగలేదు. అది తెగాక మిగిలే ఒక్కో అక్షరాన్నీ విడిగా తీసి, కణం దాన్ని తనదనుకుంటుందా అని పరీక్షించారు. వాళ్ల ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఈ మందులోని తోక ఉన్న అక్షరాన్ని తిరిగి వాడాలంటే కణం ముందుగా దానికి ఫాస్ఫేటు అనే రసాయన కొక్కెం తగిలించాలి. ఆ మొదటి మెట్టు దగ్గరే అది దాదాపుగా ఆగిపోతుంది. చాలావరకు మూత్రంలో బయటికి పోతుంది.

బస్సెక్కి వెళ్లి అక్కకు చెప్పాను.

"అంటె చిరిగిన ఆకు లెక్కనన్నట్టు. చాటల పడ్డా బీడీకి పనికిరాదు."

"గంతే అక్కా."

"అన్ని మందులూ గిట్లనేనా?"

"కాదు. తోక మారితే మళ్ల మొదటి నుంచి పరీక్ష చెయ్యాల్సిందే."

"గట్ల ఒక్కోటి పరీక్ష చేస్తరంటె నమ్మొచ్చు," అంది అక్క. అయినా డాక్టరమ్మను అదే ప్రశ్న అడిగింది. ఆమె విసుక్కోలేదు. ముక్కల సంగతి నిజమే గానీ మూత్రపిండాలకు, రక్తానికి ముప్పు అసలే లేదని కాదు, అందుకే ప్రతి మోతాదుకు ముందు రక్తం, మూత్రం చూస్తామంది. అక్క సంతకం పెట్టింది.

పోయిన బలమంతా తిరిగి రాలేదు. గ్లాసు మాత్రం పిల్ల ఇప్పుడు తానే ఎత్తుకుంటోంది.

నిఘంటువును ఇంటికీ ఇచ్చిన గ్రంథాలయం అన్నకు, డాక్టరమ్మకు, మిగిలే ముక్కల గురించి కూడా బెంగపడ్డ ఆ ముఖం తెలియని వాళ్లకు, నన్ను 'ఎటో' దగ్గర ఆగనివ్వని అక్కకు నేను రుణపడ్డాను. సూది గదిలోకి పోతూ, "నువ్వెందుకే కండ్లు మూసుకుంటవమ్మా, సూది నాకు గదా!" అని మమ్మల్ని నవ్వించిన మా మేనకోడలికి అందరికంటే ఎక్కువ.