పన్నెండో చీటీ

మా కులదైవం ఉండేది గుడిలో కాదు, ఒక చెక్కపెట్టెలో. ఏటా శివరాత్రికి ఆ పెట్టె కయత్తారు దగ్గరి మా ఊరి నుంచి ఒక దాయాది ఇంటికి వెళ్తుంది. ఆ ఏడంతా పూజ వాళ్లదే. పన్నెండిళ్ల వంతులు పన్నెండేళ్లకోసారి చీటీలు వేసి తేల్చుకుంటాం. ఈసారి మొదటి చీటీ మా చిన్నాన్న కొడుక్కి పడింది. వాడు విరుదునగర్‌లో మిరపకాయల మండీలో పనిచేస్తాడు. చివరి చీటీ నాది. నాకు అరవై రెండేళ్లు.

వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, అన్నీ అడక్కుండానే అందేవి. మా నాయన కూడా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే భోంచేసేవాడు. వాడి చేతిలో ఆ చీటీ చూడగానే నా నోరు ఆగలేదు.

"పోయిన వారం వీడు పెండ్లాము మేనమామకు పాడె మోసినాడు. తీట్టు ఇంకా పోలేదు. మైలతో పెట్టె ఎట్ల ముట్టేది?" అన్నాను.

ఆ చావుకు నేను వెళ్లనేలేదు.

పెద్దలు వాడి వైపు చూశారు. వాడు నా వైపు చూసి, చీటీ నా చేతిలో పెట్టాడు. "అన్నకే పోనీండి. ఆయనది నాకీండి."

పెట్టె కోవిల్‌పట్టిలో మా ఇంటికి వచ్చింది. మొక్కడానికి వచ్చిన ప్రతివాళ్లూ "తమ్ముడు రాలేదా?" అనే అడిగారు. దీపం ముందు కూడా నా కడుపుమంట ఆరలేదు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఒక చర్చివాళ్ల పాఠాల పుస్తకంలో చదివాను, యూదుల యాజకులు కూడా వంతులకు చీట్లు వేసుకున్నారట. ఇరవై నాలుగోది, అన్నింటికన్నా చివరిది, మాసియా అనే ఆయనకు పడింది. ప్రూఫుల కోసం వచ్చిన ఆ చర్చి ఉపదేశిని, మాసియా ఏం చేశాడని అడిగాను.

"ఏమీ రాయలేదు సార్. పేరుంది, వంతుంది, అంతే. చాలా తరాల తర్వాత ఇంకో యాజకుడికీ ఆ పేరే కనిపిస్తుంది."

చివరి చీటీ వచ్చినవాడి పేరు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదన్నమాట.

ఆ ఆదివారం పెద్దలకు ఫోనులో నిజం చెప్పి, పెట్టెతో విరుదునగర్ వెళ్లాను. గడప బయటే నిలబడి తమ్ముడికీ చెప్పాను.

"తెలుసన్నా. నేనా పాడె దరికే పోలే."

"మరి ఆ దినం చెప్పొచ్చు గదరా?"

"సామి ముందర అన్నను బొంకులోడు అనేదా? లోపలికి రా, ఎండలో సామినెందుకు నిలబెట్టేది."

చేతులకున్న మిరపఘాటు పోయేదాకా మూడుసార్లు కడుక్కుని పెట్టె ఎత్తుకున్నాడు. పటం వెనక దాచిన పన్నెండో చీటీ తీసి నాకిచ్చాడు.

"బద్రంగా పెట్టుకో అన్నా. పదకొండేండ్లే గదా."

పెట్టె వాళ్లింట్లో మా ఇంట్లోకన్నా బాగా అమరింది. అది చూసి కూడా నాకు కొంచెం మండింది. చీటీని మాత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.