కిటికీ పక్క మంచం

ప్రొద్దుటూరు బజారులో పాత పుస్తకాల అంగడి ముందు నిలబడితే ఒక వాసన వస్తుంది. ఎండకు పచ్చబడిన చవక కాగితం, రంగు సిరా, కొంచెం చెమ్మ. నాకు మాత్రం దాంతోపాటు ఫినాయిలు వాసన కూడా తగిలినట్టుంటుంది. వెంటనే ఎస్తేరమ్మ గుర్తొస్తుంది.

ఆమె జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు నర్సు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. పులివెందుల దగ్గర ఎద్దులబండి మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్న నన్ను మా నాయన అక్కడ చేర్పించాడు. అప్పటికి నాకు పెళ్లీడు. పిండికట్టు వేసిన కాలితో మిద్దె దూలాలను చూస్తూ పడుకోవడం తప్ప వేరే పనిలేదు. మధ్యాహ్నం మందులిచ్చాక ఎస్తేరమ్మ స్టూలు లాక్కుని వార్డు మధ్యలో కూర్చునేది. ఆమె చేతిలో, ఊరు విడిచి వెళ్లిపోయిన ఒక దొర కొడుకు వదిలేసిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో ఒకటి ఉండేది. అట్టమీద బావిలోంచి పైకి లేస్తున్న ఎముకల చెయ్యో, అద్దంలో వేరే మొహమో. బొమ్మ మా వైపు తిప్పి చూపిస్తూ, కథ తెలుగులో చెప్పేది. అసలు భయం వచ్చేచోట గొంతు బాగా తగ్గించేది. మేమంతా మెడలు చాచి వినేవాళ్లం.

ఒకరోజు మంచం కథ చెప్పింది. దానిమీద పడుకున్నవాడు లేవడు. ఆ సంగతి తెలిసిన ఒక వర్తకుడు తనకు గిట్టనివాళ్లనందరినీ దానిమీదే పడుకోబెట్టి, చివరికి మంచాన్ని అమ్మేస్తాడు. ఏళ్ల తర్వాత ఏదో దూరపు సత్రంలో అలసిపోయి నడుం వాలుస్తాడు. కళ్లు మూతపడుతుండగా మంచం కోళ్లమీద తనకు తెలిసిన చెక్కడం కనిపిస్తుంది. కథ అంతే.

మా వార్డులో కిటికీ పక్క మంచం మీద అంతకు కొద్దిరోజుల ముందే ఒక ముసలమ్మ పోయింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, సాయంత్రానికల్లా ఆ మంచమూ ఈ మంచమూ ఒకటైపోయాయి.

మరునాడు చాపాడు నుంచి ఒక బాలింతను తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. ఖాళీగా ఉన్నది కిటికీ పక్క మంచమే. మా వార్డువాళ్లెవరో ఆమె అత్త చెవిన మంచం సంగతి వేశారు. "దాని మింద మా పిల్లను పండబెట్టం. ఇంటికే తీసకపోతాం" అని అత్త బండివాణ్ణి పిలవబోయింది. ఆ జ్వరంతో ఇంటికి పోతే పిల్ల దక్కదని ఎస్తేరమ్మ బతిమాలింది. అత్త వినలేదు. ఎవరైనా మంచం మార్చుకుంటారా అని ఎస్తేరమ్మ మమ్మల్ని అడిగింది. అందరం తలలు తిప్పుకున్నాం.

ఎస్తేరమ్మ చెప్పులు విడిచి, వెళ్లి ఆ మంచం మీద వెల్లకిలా పడుకుంది. దుప్పటి కాళ్లదాకా కప్పుకుంది.

"కత చెప్పింది నేను గదమ్మా. తింటే ముందు నన్నే తిననీ."

ఆమె కళ్లు మూసుకుని పడుకునే ఉంది. ఎలా వచ్చిందో నా నోట మాట వచ్చింది. "నన్ను ఆడికి మార్చండి సిస్టరమ్మా."

నన్ను ఎత్తి అక్కడికి మార్చారు. నా మంచం బాలింతకిచ్చారు. ఎస్తేరమ్మ ఆమెకు సూదిమందు వేసి, తడిగుడ్డ నుదుటిమీద పెట్టి, నా దగ్గరికొచ్చింది.

"భయంగా ఉందా?"

ఉందన్నాను.

"నాకూ శానా భయమేసింది" అంది నాకు మాత్రమే వినబడేలా. "పండుకున్నంతసేపూ కాళ్లు వణుకుతానే ఉండె. దుప్పటి కప్పుకున్నా కాబట్టి మీకు కనపళ్లేదు."

బాలింత కోలుకుంది. వెళ్లేరోజు, ఈలోగా కథంతా విన్న ఆమె అత్త ఎస్తేరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చి, ఆ వర్తకుడు చచ్చినాడా బతికినాడా అని అడిగింది. పుస్తకంలో చెప్పలేదు గానీ, పొద్దున్నే లేచి పారిపోయుంటాడని ఎస్తేరమ్మ నవ్వింది.

కాలు కట్టు విప్పాక ఆమెను నేను మళ్లీ చూడలేదు. వేరే ఊరికి బదిలీ అయిందని విన్నాను.

ఇప్పుడు నా మనవరాళ్లు దయ్యం కథ చెప్పమని పీడిస్తారు. చెబుతాను, ఏమీ తగ్గించకుండా చెబుతాను. తర్వాత పక్కగదిలోకి వెళ్లడానికి వాళ్లు జంకితే, అంతా అబద్ధమని అనను. ముందు నేను వెళ్లి ఆ చీకట్లో కూర్చుంటాను. నాకూ భయంగానే ఉందని అక్కణ్నుంచే వాళ్లకు చెబుతాను. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చుంటారు.