యోబు కుడిచెయ్యి

వికారాబాదులో యోబును ఎరగనివాళ్లు తక్కువ. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేది అతనే, మిగతా రోజుల్లో నిచ్చెన భుజాన వేసుకొని దుకాణాల మీద పేర్లు రాసేదీ అతనే. పాట తండ్రి నేర్పాడు. రాత మాత్రం తాండూరులో ఉర్దూ బోర్డులు రాసే ఒక ముసలి ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాడు.

1948లో నిజాం పాలన పోయాక దుకాణదారులు మెల్లమెల్లగా తెలుగు బోర్డులు అడగసాగారు. యోబుకు తెలుగు చదవడం వచ్చుగాని, అంత పెద్ద అక్షరాలు ఎన్నడూ రాసి ఎరగడు. కీర్తనల పుస్తకం ముందు పెట్టుకొని, అందులోని అచ్చు అక్షరాలను ఇంటి గోడ మీద బొగ్గుతో పెద్దవి చేసి గీశాడు. ఒంపు కుదిరేదాకా చెరిపాడు, మళ్లీ గీశాడు.

"సున్నమంత నీ అక్షరాలకే అయిపోతున్నది," అని భార్య శాంతవ్వ నవ్వుతూనే గోడ తెల్లగా చేసిపెట్టేది.

కొన్నేళ్లకు అతని రాత తాండూరు దాకా కనబడింది. రాతే కాదు, గుర్తులూ వేసేవాడు. తాండూరులో పప్పుల వ్యాపారి భీమప్ప బస్తాల మీద ముద్ర కావాలంటే, కందికొమ్మ మీద వాలిన పిచ్చుకను గీసిచ్చాడు. చదువురాని వాళ్లు కూడా 'పిట్ట బస్తా' అని అడిగి తీసుకుపోయేవారు. భీమప్ప మురిసిపోయి, అదే పిట్టను దుకాణం ముందు గోడ మీద పెద్దగా వేయమన్నాడు.

1958లో వానలు వెనకబట్టాక ఆ పని మొదలైంది. రెక్కలు వేసి తల దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన జారింది. యోబు కింద పరిచిన నాపరాళ్ల మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది.

"అయ్యో దేవ్రే!" అంటూ భీమప్ప పరుగెత్తుకొచ్చి లేపాడు. తనే రైలెక్కించి వికారాబాదులో ఇంటిదగ్గర దించిపోయాడు.

మర్నాడు శాంతవ్వ అతన్ని కుల్కచర్ల దగ్గర బీరన్న ఇంటికి తీసుకుపోయింది. బీరన్న గొర్లు కాస్తాడు. గొర్రె కాలు విరిగినా మనిషి చెయ్యి విరిగినా ఆ చుట్టుపక్కల అందరూ అతని దగ్గరికే వస్తారు. అతను మణికట్టు నిమిరి ఒక్క గుంజు గుంజాడు. యోబు కేకపెట్టాడు. అతను వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాక యోబు అడిగాడు:

"వేళ్లు మల్ల ఎప్పటి లెక్క ఆడుతయా, బీరన్నా?"

"బొక్క అయితే అతుకుతది. వేళ్ల ముచ్చట కట్టు ఇప్పినంక సూద్దాం, కొడుకా."

ఆ మాట యోబును తినేసింది. ఎడమచేత్తో కుంచె పట్టి చూశాడు. అక్షరాలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ఆదివారం హార్మోనియం లేక పాట తలో దిక్కు పోతుంటే వెనక వరుసలో తల వంచుకొని కూర్చున్నాడు.

"ఇంకొకల్ని సూసుకొమ్మని పెద్దలకు చెప్త," అన్నాడు ఇంటికి వస్తూ.

"ఎడమచెయ్యి మంచిగనే ఉన్నది గద?"

"గా చేత్తోని గాలి కొట్టాలె. వాయించేదెట్ల?"

"గాలి నేను కొడ్త. నువ్వు వాయించు," అంది శాంతవ్వ.

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. ఆమె బలమంతా పెట్టి కొడితే హార్మోనియం దూడలా అరిచింది. ఇద్దరికీ నవ్వాగలేదు. కిందపడ్డ నాటినుంచి యోబు నవ్వడం అదే మొదలు.

తర్వాతి ఆదివారం శాంతవ్వ హార్మోనియానికి అవతల కూర్చుంది. అందరూ మెడలు సాచి చూశారు. సంఘపెద్ద మత్తయ్య లేచి వస్తుంటే, వద్దంటాడేమోనని యోబు వాయించబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మత్తయ్య ఒక పీట తెచ్చి శాంతవ్వ ముందు పెట్టాడు. "కింద చల్లగుంటదమ్మా, దీనిమీద కూసో," అని తన చోటికి వెళ్లిపోయాడు. గమకాలు లేకపోయినా ఆ రోజు పాట దారి తప్పలేదు.

ఇంకో భయం తాండూరులో ఉంది. తల లేని పిట్టను భీమప్ప ఎవరిచేతనో పూర్తి చేయించి ఉంటాడని యోబు అనుకున్నాడు. ఒకరోజు భీమప్పే ఇంటికి వచ్చాడు.

"తల లేని పిట్ట ఏందని జనం నవ్వుతున్నరు," అన్నాడు. "నవ్వనీ. నీ చెయ్యి బాగైనంకనే వేద్దువు. జల్దీ ఏం లేదు, ఫికర్ చెయ్యకు."

కట్టు విప్పిన రోజు యోబు తన చెయ్యి వంక చూడలేకపోయాడు. సన్నబడిపోయి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

"ముడువు," అన్నాడు బీరన్న.

బొటనవేలు కదిలింది. తర్వాత చూపుడువేలు, మధ్యవేలు. చిటికెనవేలు మొండికేసింది. బీరన్న నూనె రాసి చాలాసేపు తోమాక అదీ ముడుచుకుంది. యోబు పెద్దగా ఊపిరి వదిలి గోడకు ఆనుకున్నాడు.

"అన్నం తిని ఎన్నాళ్లయిందో అన్నట్టు ఆకలైతున్నది, శాంతవ్వా," అన్నాడు.

బీరన్న ఇంట్లోనే జొన్నరొట్టె పెట్టారు. కుడిచేత్తో మెల్లగా తుంచుకొని తింటుంటే శాంతవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

చలికాలంలో యోబు ఆ పిట్టకు తల వేశాడు. కింద నిచ్చెన పట్టుకున్నది భీమప్పే. అరవైలలో కన్నడ సరిహద్దు దగ్గరి బషీరాబాదు నుంచి కన్నడ బోర్డులు రాయమనీ పిలిచారు. మబ్బు పట్టినప్పుడు మణికట్టు లాగేది గాని, పని ఆగలేదు. గాలి కొట్టడం మాత్రం శాంతవ్వ మానలేదు. అతని రెండు చేతులూ హార్మోనియం మెట్ల మీద ఆడుతుంటే పాట ఇంకా నిండుగా వస్తోందని సంఘమంతా అనేది.