మేడమీది తీగ

నా చిన్నప్పుడు, ఉద్యమం, బంద్‌లు నడిచే ఆ రోజుల్లో, చిక్కడపల్లి మొత్తానికీ మా తాతయ్యంత అనుమానపు మనిషి ఇంకొకరు ఉండేవారు కాదు. పాల ప్యాకెట్టును కూడా చేత్తో తూచి చూసేవాడు. అలాంటి మనిషి దసరా అయ్యాక మేడమీది గదిని ఒక అక్కకు కిరాయికిచ్చాడు. ఆమెది జనగామ వైపు పల్లె, యూనివర్సిటీలో పరిశోధన చేసేది. వచ్చిన మర్నాడే మేడమీద రెండు కర్రల మధ్య ఒక రాగి తీగ కట్టింది. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఎక్కడా కట్టనివ్వలేదని, ఈ గది కూడా పోతే తన చదువు ఆగినట్టేనని నానమ్మతో చెప్పుకుంది.

తాతయ్యకు సాయంత్రాలు పాత రేడియోలో, సముద్రం అవతలి స్టేషను నుంచి వచ్చే హిందీ పాటలంటే ప్రాణం. అక్క వచ్చిన కొన్నాళ్లకే, పొద్దు వాలగానే పాట గరగరమంటూ మాయమవడం మొదలైంది. కోఠిలో చూపిస్తే రేడియోలో ఏ లోపమూ లేదన్నారు. ఇంకేముంది!

"ఆ తీగనే నా పాటలను మింగుతున్నది. ఒకటో తారీఖు కల్లా ఖాళీ చెయ్యమను" అని ఇల్లు పీకి పందిరేశాడు.

అక్క దిగి వచ్చి ఓపిగ్గా చెప్పింది. ఆకాశంలో చాలా ఎత్తున, ఎండ వల్ల విద్యుత్తు పుట్టే గాలి పొర ఒకటి ఉంటుందట. దూరపు రేడియో తరంగాలు దాన్ని తాకి కిందికి వంగితేనే మనకు పాట వినిపిస్తుందట. వాళ్ల ల్యాబులోని రాడార్ పైకి తరంగాలు పంపి, అవి ఎంతసేపటికి తిరిగొచ్చాయో చూసి ఆ పొర ఎత్తును లెక్కగడుతుందట. ఆ లెక్క సరిపోయిందో లేదో దూరపు స్టేషన్లు విని చూసుకోవడానికే ఈ తీగ.

"చలికాలం పొద్దు జల్ది గూకుతది తాతగారు. పొర పల్చబడ్తది, మీ పాట నిలువది. చీకటి పడంగనే ముల్లు కింది బ్యాండుకు తిప్పుండ్రి, అదే స్టేషను దొరుకుతది" అంది.

తిప్పాడు. దొరికింది! ఇంకొకరైతే సంబరపడేవారు. తాతయ్య ముఖం మాత్రం ఇంకా ముడుచుకుంది. "రాడారంటే మిలిటరోళ్లది గదా. ఈ పిల్లకెట్ల తెలుసు? ఏందో ఉన్నది దీంట్ల" అన్నాడు. ఆ మాటతో నాకూ భయం పట్టుకుంది. రోజూ వాకిట్లో నిలబడి, పిట్టగోడ మీద కనబడే తీగ కొసను ఇద్దరం గుర్రుగా చూసేవాళ్లం.

ఒకటో తారీఖు రానే వచ్చింది. అక్క పెట్టె సర్దుకుని, ఏడుపు ఆపుకుంటూ మెట్ల దగ్గర నిలబడింది. మోకాళ్ల నొప్పులని ఎప్పుడూ మేడ ఎక్కని తాతయ్య, ఆ తీగను తానే పీకేస్తానని రొప్పుతూ పైకెక్కాడు. వెనకాలే నేను, నానమ్మ, అక్క. తీరా చూస్తే తీగ మీద ఆయన ధోతి ఆరుతోంది.

"పీకుండ్రి, మీ ధోతే కింద పడ్తది" అంది వెనక నుంచి నానమ్మ. "మీరు ఖాళీ చెయ్యమని ఒర్రిన తెల్లారే ఆ పిల్ల తన తీగ తీసి నా చేతిల పెట్టింది. ఇది బట్టలకని నేను కట్టుకున్నది. చెప్తే మీరు నమ్ముతరా? అందుకే ఎక్కి చూసేదాక ఊకున్న. ఇన్ని దినాలు మీరు అనుమానపడ్డది నా బట్టల తీగ మీదనా?"

తాతయ్య ధోతి తీసి భుజాన వేసుకుని, నానమ్మ దగ్గర రాగి తీగ అడిగి తీసుకున్నాడు. "బిడ్డా, జర చెప్పు, ఏ కర్రకు కట్టాలె?" అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్న అక్క భోరున ఏడ్చేసింది.

నాదీ తాతయ్య పోలికే, అనుమానం ఎక్కడికి పోతుంది! కానీ ఎవరి మీదైనా వేలెత్తబోయే ముందు మనసులో ఒకసారి ఆ మేడ ఎక్కుతాను. చాలాసార్లు అక్కడ ఆరుతున్నవి మా ఇంటి బట్టలే.