ఎనిమిది సిలిండర్లు, ఒక బియ్యం బస్తా

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ ఎప్పటివో కావు. అప్పటికే అందరి చేతుల్లోకి ఫోన్లు, ఫోన్లలోకి వీడియోలు వచ్చేశాయి. ఆ వీడియోలే నా చదువు. సూర్యాపేటలో ఒక ట్రాక్టర్ల షోరూంలో కొత్తగా ఉద్యోగం. పగలంతా రైతుల ముందు ట్రాక్టర్ ఎక్కి దున్ని చూపించడం, పొద్దుగూకాక గదికి పోయి, ఎక్కడో పరాయి దేశంలో ఎవరో కార్లను మలుపులు తిప్పుతుంటే పడుకుని చూడటం. మలుపుకు ముందు బ్రేకు ఎక్కడ తొక్కాలి, ఎక్కడ వదలాలి, లోపలి అంచును ఎక్కడ తాకాలి, అన్నీ కంఠతా వచ్చు. షోరూంలో అందరూ నన్ను 'రేసర్' అని పిలిచేవాళ్ళు. (నా సొంత బండి మా నాన్న వాడి వదిలేసిన స్కూటరు. దాన్ని ఓ పక్కకు వంచి, కాసేపు బతిమాలితే గానీ స్టార్టయ్యేది కాదు. ఆ పేరులోని వెటకారం నాకు చాలా ఏళ్ళకు గానీ బోధపడలేదు.)

మా మేనమామకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. మామ మెల్లని మనిషి. మాట మెల్లన, నడక మెల్లన. కారు నడిపితే, పక్కన సైకిల్ మీద పోయేవాడు ఆయనతో ఇంటి సంగతులన్నీ మాట్లాడుకుంటూ పోవచ్చు. అలాంటి మామ, హైదరాబాదులో ఎవరో బిల్డరు అవసరానికి అమ్ముకుంటున్నాడని తెలిసి, ఎర్రటి అమెరికా కారు ఒకటి కొనుక్కొచ్చాడు. దాన్ని మజిల్ కారు అంటారని, అంటే కండలు తిరిగిన కారని ఆయనకు నేనే విడమరిచి చెప్పాను. ఎనిమిది సిలిండర్ల ఇంజను. కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంది, ఒక్క నట్టు కూడా ఎవరూ మార్చలేదు. స్టార్ట్ చేస్తే మిల్లులో హమాలీలు భుజం మీది బస్తా దించి మరీ చూసేవాళ్ళు. అయితే దానికి రెండే తలుపులు. "గింత పెట్టి కొన్నవ్, రెండే తలుపులా? నన్ను డిక్కీల కూసోబెడ్తవా?" అంది అత్త. ఒకసారి వెనక సీట్లోకి ఎలాగో దూరింది గానీ, బయటికి లాగడానికి ఇద్దరం కావలసి వచ్చింది. మళ్ళీ ఆ కారు ఛాయలకు రాలేదు. పైగా కారు బాగా కిందికి ఉండేది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మామ దిగి, వంగి, కింద చూసి, మళ్ళీ ఎక్కేవాడు. అన్నిటికంటే ఆయనను బాధించినది, ఆ బండికి స్టెప్నీ లేకపోవడం. చివరికి అది మిల్లు షెడ్డులో టార్పాలిన్ కింద, తవుడు దుమ్ము మేస్తూ ఉండిపోయింది. ఆదివారం ఆదివారం మామ దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు విని, "ఉన్నది, పానం ఉన్నది" అని ఆపేసేవాడు.

అలాంటి సమయంలో కోదాడ నుంచి ఒక ఫంక్షన్ హాల్ ఓనరు వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, పుచ్చకాయను చూసినట్టు టాపు మీద వేళ్ళతో తట్టి విన్నాడు. "ఇది మనకి బరాత్‌కి బెమ్మాండంగా ఉంటదండీ. పైన టాపు కోయించేశామనుకోండి, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నిలబడి చేతులూపుకుంటా పోవచ్చు" అన్నాడు. కోయించేస్తాడట! మామ మాత్రం "సూద్దాం" అన్నాడు. మామ సూద్దాం అన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే.

ఆ కారును ఎలాగైనా కాపాడాలని ఆ క్షణమే అనుకున్నాను. మద్రాసు అవతల ఒక రేస్ ట్రాక్ ఉందని, కొన్ని రోజుల్లో మనలాంటి మామూలు మనుషులు కూడా సొంత కార్లు తెచ్చుకుని దాని మీద తిప్పుకోవచ్చని వీడియోల పుణ్యమా అని నాకు తెలుసు. "ఒక్కసారి దాన్ని ఉరికించాల్సిన జాగల ఉరికిద్దాం మామా. నువ్వు కండ్లార సూడు. ఆ తర్వాత కూడా అమ్ముతనంటే నేను నోరు తెరువ" అన్నాను.

"ఎవలతోని పందెం?"

"ఎవలతోని కాదు మామా. మనంతట మనమే తిరుగుడు."

"మంచిగ తిరిగితే ఏమిస్తరు?"

"ఏమియ్యరు. మనమే పైసలు కట్టాలె."

"మరి గంత దూరం ఎందుకురా అల్లుడా?" అన్నాడు. కానీ మామ వచ్చాడు. నేను అడిగితే కాదనడం ఆయనకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

మా మామ మిల్లులో ఒక పద్ధతి ఉంది. ఏ బండీ ఖాళీగా గేటు దాటకూడదు. ఎవరో ఒక చుట్టానికో స్నేహితుడికో బస్తా వేసుకునే పోవాలి. ఎనిమిది సిలిండర్ల కారుకు మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది? వెనక సీట్లు ముందుకు మడిచి, మా సంచులు, అత్త కట్టిచ్చిన టిఫిన్ క్యారియర్‌తో పాటు ఒక సన్నబియ్యం బస్తా కూడా ఎక్కించాడు. నెల్లూరులో ఉన్న తన పాత స్నేహితుడికట. "నెల్లూరోళ్ళకు మనం బియ్యం తీస్కపోవుడేంది మామా?" అన్నాను. "మనయి గూడ తిని సూడనీ" అన్నాడు. తీరా నెల్లూరు చేరితే ఆ స్నేహితుడు ఊళ్ళో లేడు. వచ్చేటప్పుడు దించుదామని బస్తాను మాతోనే మద్రాసు తీసుకుపోయాం.

ట్రాక్ దగ్గర, కొత్తవాళ్ళ పక్కన నేర్పే మనిషి ఒకరు కూర్చుంటారు. నాకు పడినాయన పెద్ద గడ్డం ఉన్న అరవాయన. తెలుగు కొంచెం వచ్చు, నవ్వు అసలు రాదు. బానెట్ ఎత్తి చూసి, "ఏమి మార్చారు?" అన్నాడు. ఏమీ మార్చలేదు, అంతా కంపెనీదే అన్నాను. అప్పుడొక్కసారి గడ్డంలో ఏదో కదిలింది, నవ్వే అయి ఉంటుంది. కారులో వదులుగా ఉన్న వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదని అన్నీ దింపించాడు. టిఫిన్ క్యారియర్, సంచులు, గొడుగు, కాళ్ళ కింది పట్టలు, చివరికి బియ్యం బస్తా. (బస్తా దిగుతున్నప్పుడు చుట్టుపక్కల కార్ల వాళ్ళంతా వచ్చి చూశారు.) మామ దాన్ని షెడ్డు నీడలో పెట్టుకుని, దాని పక్కనే కూర్చున్నాడు.

ట్రాక్ మీదికి ఎక్కగానే నా చదువంతా ఎటు పోయిందో తెలియదు. ప్రతి మలుపుకూ ఇండికేటర్ వేశాను. మలుపు అవతల ఏముందో కనబడకపోతే హారన్ కొట్టాను. వెనక నుంచి ఎవరైనా వస్తే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పొమ్మని ఊపాను. "తంబీ, ఇక్కడ ఎదురుగా లారీ రాదు" అన్నాడు గడ్డం సారు, చాలా ఓపికగా. మెల్లగా ధైర్యం వచ్చింది. ఒక మలుపు దాటుతూ యాక్సిలరేటర్ తొక్కేసరికి కారు వెనక భాగం సర్రున పక్కకు జారి, మళ్ళీ దారికొచ్చింది. నా జన్మ ధన్యమైంది. రెయిలింగ్ అవతల నిలబడి మామ కూడా అది చూశాడు.

మధ్యాహ్నం తిండి దగ్గర మామ మిల్లరు బుద్ధి బయటపడింది. బియ్యం దగ్గర మనుషులున్నారంటే ఆయన ఊరుకోలేడు. బస్తా మూతి కుట్టుకు ఒక కొస ఉంటుంది, అది పట్టి లాగితే కుట్టంతా సర్రున ఊడిపోతుంది. అలా ఊడదీసి, దోసెడు బియ్యం తీసి, రేసింగ్ బట్టల్లో ఉన్న కుర్రవాళ్ళ ముందు పట్టి, "సూడుండ్రి, ఒక్క నూక కనబడ్తదా?" అన్నాడు. వాళ్ళకు తెలుగు రాదు. అయినా మర్యాదగా తలాడించారు. ఒకడైతే నాలుగు గింజలు నోట్లో కూడా వేసుకున్నాడు. ఆ తర్వాత మామ బస్తా మూతిని మెలిపెట్టి పురికొసతో కట్టాడు. నేను అటు పక్క గడ్డం సారుతో మలుపుల గురించి వాదిస్తుండగా (వాదించాను, అవును) మామ ఇంకొక పని చేశాడు. ఆ బస్తాను మోసుకెళ్ళి వెనక సీట్లు ఇంకా మడిచే ఉన్న కారు డిక్కీలో, మూతి ముందుకు ఉండేలా పడుకోబెట్టి, తలుపు మూశాడు. తనిఖీ పొద్దున్నే అయిపోయింది కాబట్టి మళ్ళీ ఎవరూ తెరిచి చూడలేదు.

రెండో విడతలో నేను బాగానే నడిపాను. ఆ మాట చెప్పుకునే హక్కు నాకుంది. పొడుగాటి తిన్నని దారిలో ఎనిమిది సిలిండర్లూ ఒకేసారి గొంతు విప్పితే, కారు నన్ను సీటుకు అదిమిపెట్టింది. ఇంత సంతోషాన్ని తవుడు దుమ్ములో దాచిపెట్టారా అనిపించింది. "ఇప్పుడు!" అన్నాడు గడ్డం సారు. బ్రేకు గట్టిగా తొక్కాను. వెనక ఏదో ధబేలుమంది. ఆ వెంటనే మా ఇద్దరి సీట్ల మధ్య నుంచి బియ్యం వచ్చింది. హెల్మెట్ల మీద పడింది, మెడలోకి దిగింది, ఒళ్ళో నిండింది. రేసర్ అన్నవాడు ఎప్పుడూ దారి మీదే చూపు ఉంచాలి. నేను బస్తా ఏమైందోనని వెనక్కి తిరిగి చూశాను. తల తిరిగిన వైపే స్టీరింగూ తిరిగింది. కారు గిర్రున తిరిగి, తెరిచి ఉన్న కిటికీల్లోంచి చుట్టూ బియ్యం చల్లుకుంటూ పోయి, పక్కనున్న ఇసుకలో ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు, కారుకు గీత పడలేదు. ఇంజను ఆగిపోయింది. సీట్ల సందుల్లోకి బియ్యం జారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గడ్డం సారు తన హెల్మెట్ అద్దం పైకెత్తాడు. దాని అంచున నిలిచిన బియ్యం ఆయన ఒళ్ళోకి జారింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం, తలంబ్రాలు పోసుకుని పీటల మీద కూర్చున్న జంటలాగా. "ఎన్న ఇదు?" అన్నాడు. "రైస్ సార్" అన్నాను. మేము మాట్లాడుకున్నది అంతే.

ఎర్రజెండాలు ఊపి కార్లన్నీ ఆపేశారు. (మా దగ్గర కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. మిగతా సగంలో బస్సులు, లారీలు, పెళ్ళి బృందాలు ఏ జెండా లేకుండానే పోతుంటాయి. ఆ సంగతి మద్రాసు వాళ్ళకు తెలియదు.) అప్పుడు చూశాను, మామ పరిగెత్తుకొస్తున్నాడు. నా బతుకులో మామ పరిగెత్తగా చూసింది అదొక్కసారే. బియ్యం కోసమే వస్తున్నాడనుకున్నాను. ముందు నా దగ్గరికే వచ్చాడు. "యాడన్న తాకిందా? మెడ తిప్పు. గిటు తిప్పు" అంటూ చేతులు, కాళ్ళు, మెడ అన్నీ తడిమాడు. అంతా బాగానే ఉందని తేలాకే వెనక్కి తిరిగాడు. అప్పటికే చీపుర్లు పట్టుకుని ట్రాక్ వాళ్ళు బియ్యంలోకి దిగారు. "తొక్కకుండ్రి! బువ్వ అది!" అని అరిచాడు. ఆ మాట ఒక్కరికీ అర్థమై ఉండదు గానీ, అందరూ ఉన్న చోటే కాలెత్తి నిలబడ్డారు. మామ కండువా పరిచి, ట్రాక్ అంచున గొంతుక్కూర్చుని చేతులతో బియ్యం ఎత్తడం మొదలుపెట్టాడు. కాసేపటికి గడ్డం సారు కూడా వచ్చి, తన హెల్మెట్‌ను ఆ కండువాలో బోర్లించి దులిపాడు.

తిరుగు ప్రయాణంలో నెల్లూరు దగ్గర ఆగలేదు, ఇవ్వడానికి ఏం మిగిలింది గనక. ఊరు దాటాక మామ నోరు విప్పాడు. "బస్తా నేనే పెట్టిన రా. పొద్దుగాల నువ్వు ఒంపు తిరుగుతుంటే ఎనక తోక ఊగింది. నాకు పానం ఆగలే. ట్రాలీ ఖాళీగుంటే ఊగుతది, ఒక బస్తా ఏస్తే కుదురుగ కూసుంటది గదా అనుకున్న."

"అంటే తప్పు బస్తాది మామా. బండిది గాదు గదా?" అన్నాను ఆశగా.

"బండిది ఏం తప్పు లేదు. మంచి బండి. కానీ నువ్వు ఉరికిచ్చినంతసేపు నేను మీ అమ్మకు ఏం జవాబు సెప్పాలె అని మనసుల మాటలు కూడబెట్టుకుంటున్న. నాతోని గాదు రా అల్లుడా. అమ్మేస్త."

నాకు చాలా కోపం వచ్చింది. ఇంత పిరికివాడికి అంత కారెందుకు అనుకున్నాను. నెల తిరక్కుండా కారు కోదాడ పోయింది, టాపు కోయించుకుంది. ఆ తర్వాత కోదాడ మీదుగా పోవలసి వచ్చినప్పుడల్లా, ఆ ఫంక్షన్ హాల్ రాగానే బస్సులో అవతలి వైపు చూసేవాణ్ణి.

కొన్నేళ్ళకు నా పెళ్ళయింది. బరాత్‌కు కారు సంగతి నేను చూసుకుంటానని మామ అన్నాడు. బయటికొచ్చి చూస్తే అదే ఎర్ర కారు, టాపు లేకుండా, నిండా బంతిపూలతో. మామ ఎటో చూస్తున్నాడు. ఎక్కి కూర్చున్నాం. ముందు డప్పుల వాళ్ళు, వాళ్ళ ముందు షోరూం స్నేహితుల చిందులు. సూర్యాపేట వీధుల్లో ఎనిమిది సిలిండర్లు మామ నడక కంటే మెల్లగా కదులుతున్నాయి. నా భార్య జడలోంచి పూలపిన్ను ఒకటి సీటు సందులో పడింది. వేళ్ళు పెట్టి వెతికింది. పిన్నుతో పాటు నాలుగు బియ్యపు గింజలు వచ్చాయి. అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇవి మనయి కావు. మన తలంబ్రాలు పచ్చగున్నయ్, ఇవి తెల్లగున్నయ్. ఎవలియి?" అంది.

"ఒక మద్రాసు సారువి."

"ఆయనకు గూడ గీ కార్లనే పెండ్లయిందా?"

"అయింది. నాతోనే."

ఆమె నా వైపు కాసేపు చూసి, కొంచెం పక్కకు జరిగి కూర్చుంది. ఆ గింజలను మాత్రం పారేయలేదు, కొంగున ముడి వేసుకుంది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న కారుంది. నాలుగు తలుపులు, ఒక స్టెప్నీ. అత్త అందులో దర్జాగా ఎక్కి దిగుతుంది. మామ ఇప్పుడు కార్లు నడపడం లేదు గానీ, నేను మిర్యాలగూడ వెళ్ళి వచ్చేటప్పుడు కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చి, డిక్కీలో బస్తా వేయిస్తాడు. ఇంట్లో ఉన్నాయి మామా అంటే వినడు. నేనూ ఇప్పుడు వద్దనను. మూతి కుట్టు గట్టిగా ఉందో లేదో వేలుతో ఒకసారి చూసుకుని బయల్దేరతాను. మలుపులో లోపలి అంచును ఎక్కడ తాకాలో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. వెనక మామ బస్తా ఉంటుంది కాబట్టి ఇండికేటర్ వేసి, హారన్ కొట్టి, మెల్లగా తిరుగుతాను.