చిన్నమ్మ పంచిచ్చిన గోళీలు

మా అమ్మకూ చిన్నమ్మకూ ఏది దొరికినా సగం సగమే. బత్తాయి అయినా, జాకెట్టు గుడ్డ అయినా, జ్వరం గోళీల పట్టీ అయినా. నాంపల్లి స్టేషన్ వెనక ఒకే వాకిట్లో, పక్కపక్క గదుల్లో ఉండేవాళ్ళం. నాన్న, చిన్నాన్న ఇద్దరూ పోయాక ఆ అక్కాచెల్లెళ్ళ మధ్య దూరడానికి నాకు కూడా సందు దొరికేది కాదు. ఇద్దరూ బేగం బజార్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేవాళ్ళు. గుండెలో వాల్వ్ మార్చాక అమ్మ మానేసింది.

ఆపరేషన్ నుంచి ఆమె రోజూ రక్తం పల్చబడే గోళీ వేసుకోవాలి. లేకపోతే ఆ లోహపు వాల్వ్ మీద రక్తం గడ్డకడుతుంది. నెలనెలా ఆబిడ్స్‌లో రక్తపరీక్ష చేయించి, గన్‌ఫౌండ్రీలో గుండె డాక్టరుకు చూపించేవాణ్ణి. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తింటే ఆ గోళీ సరిగ్గా పనిచేయదంటే అమ్మ గిన్నె మీద కూడా కాపలా కాశాను. అంత కాపలా కాసి ఏం లాభం!

ఈ ఎండాకాలం చిన్నమ్మకు తామర లేచింది. చెమటకు, సరిగ్గా లంగా బొందు కట్టే చోట. చర్మం డాక్టరు గోళీలు రాసి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళూ మందు వాడాలి, లేకుంటే మళ్ళీ అంటుకుంటుంది అన్నాడట. అమ్మకూ అక్కడే దురద. ఇంకేముంది, చిన్నమ్మ పట్టీని కత్తెరతో సగానికి కత్తిరించింది. నాకు మాటమాత్రం చెప్పలేదు. లంగా బొందు దగ్గరి దురద గురించి కొడుకుతో చెప్పే ఆడమనిషి మా వాడలో ఇంకా పుట్టలేదు.

మొదట అమ్మ చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. బ్రష్ గీరుకుందంది. చేతి మీద నీలం మచ్చలు కనబడితే బిందె తగిలిందంది. ఒక పొద్దున తల పగిలిపోతోందని కూలబడి వాంతి చేసుకుంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను.

"ఈ మధ్య కొత్తగా ఏమన్నా గోళీలు వేసుకున్నారా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

అమ్మ తేలు కుట్టిన దొంగలా నావైపు చూసింది. "నువ్ జర బయటికి పో," అంది.

కాసేపటికి డాక్టరమ్మ వరండాలోకి వచ్చి అంతా చెప్పింది. తామర గోళీ ఒంట్లో ఉంటే రక్తం పల్చబడే మందు తొందరగా అరిగిపోదట. వేసుకున్నకొద్దీ పోగుపడుతుందట. ఇప్పుడు మెదడులో రక్తం కారుతోంది.

"ఆపుండ్రి మేడం. ఏదో ఒక ఇంజెక్షన్ ఉంటది గదా," అన్నాను.

"ఇస్తున్నాం. కానీ రక్తం మరీ గడ్డకడితే వాల్వ్ మూసుకుపోయే ప్రమాదం ఉంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరిని తిట్టాలి? గుండె గోళీ మంచిదే. తామర గోళీ మంచిదే. ఇక మిగిలింది చిన్నమ్మ. అక్క దురద చూడలేక తన మందులో సగం ఇచ్చిన మనిషిని ఏమని తిట్టను? నా చేతుల్లో ఏమీ లేదు.

లోపలికి రానిచ్చినప్పుడు అమ్మకు మాట ముద్దగా వస్తోంది.

"చిన్నమ్మకు చెప్పకు బిడ్డా. అది పానం ఇడుస్తది."

ఆ తర్వాత అమ్మ కళ్ళు తెరవలేదు.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక చిన్నమ్మ నా పక్కన వాకిట్లో కూర్చుంది.

"అక్క గా దురదతోటి మస్తు గోసపడ్డది కొడుకా," అంది. "నేనిచ్చిన గోళీలతోనే తగ్గింది. పోయేముంగట గా ఒక్క సుఖమన్న దొరికింది. నా చేతులతోటి గంతన్న చేసిన, కదా?"

నా మొహంలోకే చూస్తోంది.

"ఔ చిన్నమ్మా," అన్నాను.