ముఖం మీద గుడ్డ

ఆపరేషన్‌కు భయపడే మనిషికి మీరు మొదట ధైర్యం చెబుతారా, లేక దేనికి భయపడుతున్నాడో అడుగుతారా?

మా బాపు జహనుమా బస్తీలో బర్రెలు పెట్టుకొని పాలు పోస్తాడు. ఒక కన్ను చిన్నతనంలోనే బర్రె కొమ్ము తగిలి పోయింది. మిగిలిన కంటికి శుక్లం వచ్చింది. ఆపరేషన్ రోజు ఉదయం, ఇంకా పిలుపు రాకముందే, ఆయన దవాఖాన మంచం దిగి చెప్పుల కోసం తడుముకోసాగాడు.

"పా బిడ్డా, ఇంటికి. కొద్దిగ కనవడ్తుంది గద, గదే చాలు."

ఇప్పుడు వెళ్లిపోతే ఆ కొద్దిపాటి చూపూ దక్కదు. కళాశాల చర్చాపోటీల్లో అలవాటైన పద్ధతిలో కారణాలన్నీ వరుసగా ఆయన ముందుంచాను. శ్రద్ధగా విన్నాడు.

"నువ్వే గెలిచినవ్. ఇగ పోదాం పా."

అంతలో నర్సు వచ్చింది. స్టూలు లాక్కొని ఆయన ఎదుట కూర్చుంది.

"దేనికి ఫికర్ బాపూ? సూదికా, కత్తికా?"

"రెండిటికీ గాదు సిస్టరమ్మా. ముఖం మీద గుడ్డ కప్పుతరంట. బతికున్నోనికి ఎవలన్న ముఖం కప్పుతరా?"

మా అమ్మ చనిపోయిన రోజు ఆమె ముఖం మీద గుడ్డ కప్పినవి ఆయన చేతులే.

నర్సు వాదించలేదు. ఆపరేషన్ గదిలో వాడేటువంటి ఆకుపచ్చ గుడ్డ తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. కంటి దగ్గర ఉండే రంధ్రాన్ని వేలితో తడిమించింది. ఆయన సరేనన్నాకే పడుకోబెట్టి కప్పి, గడ్డం దగ్గర అంచు ఎత్తి పట్టింది.

"లోపట గిట్లనే గాలి ఆడ్తది. మాట్లాడొద్దు, కదలొద్దు. దగ్గొచ్చినా, బుగులైనా నా చెయ్యి పిసుకు. డాక్టర్ సాబ్‌ను ఆపుత. పక్కన నేనే ఉంట."

"పాలు పిండే చెయ్యి సిస్టరమ్మా, జర పైలం!"

గుడ్డ కింది నుంచి నవ్వు వినిపించింది. కాసేపటికి చెప్పులను తానే మంచం కిందికి నెట్టి, ఆమె వెంట నడిచాడు.

తిరిగి వచ్చినప్పుడు కంటికి పట్టీ ఉంది. నర్సు వేళ్లు రుద్దుకుంటోంది.

"ఒక్కపారి పిసికిండు. దగ్గేమోనని ఆపించిన."

"దగ్గు గాదు," అన్నాడు బాపు. "ఉన్నవో లేవో అని చూసిన."

మర్నాడు పట్టీ విప్పారు. ఆయన నన్ను చాలాసేపు చూసి, "గింత బక్కగైనవేంది బిడ్డా!" అన్నాడు. నా గుండెల మీది బరువు ఆ మాటతో దిగిపోయింది.

మీ ఇంటివారిని ఆపరేషన్‌కు తీసుకెళ్లేటప్పుడు, ధైర్యం చెప్పే ముందు దయచేసి ఒక్క ప్రశ్న అడగండి: "నీకు దేనికి భయం?" వచ్చిన జవాబును, ఎంత చిన్నదైనా, నర్సు చెవిన వేయండి.